పెరియంపట్టి పిడుదుల పంచాయితీ

ఇది ఒక మహాయాత్ర. ఇందులో కొండలున్నాయి, ఆనకట్ట ఉంది, నెత్తురు కోసం గడ్డిపరకల చివర కాచుకుని కూర్చునే శత్రువుంది, నింద మోసిన ఒక ఇల్లాలుంది, నిండు సభలో తీర్పు ఉంది.

కుర్చీలో ముందుకు జరిగినవాళ్లు మళ్లీ వెనక్కి ఆనుకోవచ్చు. కొండల్ని బస్సు కిటికీలోంచి చూశాను. సభలో ఉన్నది తొమ్మిదిమందీ, పాల క్యాన్లూ. నేను ధర్మపురి జిల్లాకు వెళ్లింది పశువుల ఒంటిమీద పిడుదులు ఏరుకోవడానికి. పిడుదులంటే గోమార్లు. మా కృష్ణా జిల్లాలో ఎవరైనా వదలకుండా పట్టుకు వేలాడితే గోమారిలా పట్టుకున్నాడంటాం. పాపం, గోమారికి ఆ సంగతి తెలియదు.

నేను ఒక ల్యాబులో ప్రాజెక్టు అసిస్టెంటును. అంటే పిహెచ్‌డీ వాళ్లు చేయనిదీ అటెండరు ఒప్పుకోనిదీ నాకు వస్తుంది. ఏ జంతువు మీద ఏ పిడుదు ఉంటుందో చూసి రమ్మని మా సారు పంపాడు. ఆయన మాత్రం అదే వారం చల్లటి ఊళ్లో సదస్సుకు వెళ్లాడు, పిడుదుల మీద మాట్లాడటానికి. నా కోపం అక్కడ మొదలైంది. తిరిగి వచ్చేదాకా తగ్గలేదు, కాకపోతే ఎవరి మీద అన్నది మారుతూ వచ్చింది.

కరిమంగళం బస్సులో

బెంగళూరు నుంచి ధర్మపురి వైపు వెళ్లే బస్సులో పక్క సీటాయన ఒళ్లో మామిడిపళ్ల బుట్ట పెట్టుకుని, ఏం పని చేస్తావని తమిళంలో అడిగాడు. వచ్చిన నాలుగు తమిళ ముక్కలతో, ఉణ్ణి పట్టే పని అని చెప్పాను. ఇక్కడ పిడుదును ఉణ్ణి అంటారు, తెలుగు ఇళ్లలో కూడా. ఆయన నన్ను కిందినుంచి పైకి చూసి, బుట్టను అవతలి మోకాలి మీదికి మార్చుకున్నాడు. ఒక పండు ఇద్దామని తీసిన చెయ్యి కూడా వెనక్కి పోయింది.

నిజానికి పిడుదు గురించి తెలిసిందానికంటే అపనిందలే ఎక్కువ. ముందు, అది పురుగు కాదు. ఎనిమిది కాళ్లు. సాలీడుకూ తేలుకూ దాయాది. నేను వెతికేవి గట్టి పిడుదులు. వీటి వీపున డాలు లాంటి పెంకు ఉంటుంది. మగదానికి వీపంతా కప్పుతుంది, ఆడదానికి ముందు భాగమే. వెనక భాగం వదులుగా ఉండబట్టే అది నెత్తురు తాగి చిక్కుడు గింజంత ఉబ్బగలుగుతుంది. అది ఎక్కి కూర్చునే జంతువును శాస్త్రంలో అతిథేయి అంటారు. ఆతిథ్యం ఇచ్చేది అని. ఈ ఆతిథ్యం సంగతి ఆవును ఎవరూ అడిగినట్టు లేదు.

ఇక పేర్లు. లాటిన్ పేర్లలో మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. పశువుల పిడుదు ఇంటిపేరు చాలాకాలం బూఫిలస్. ఆ తర్వాత పండితులు కూర్చుని ఆ ఇంటిపేరు తీసేసి, కుక్క పిడుదు ఇంట్లోకి చేర్చారు. ఇప్పుడు రెండూ రైపిసెఫాలస్‌లే. పశువులది మైక్రోప్లస్, కుక్కది సాంగ్వినియస్. పెళ్లీ లేదు, దత్తతా లేదు, ఇంటిపేరు మారిపోయింది. సీసాల మీద చీటీలన్నీ మార్చి రాసింది మాత్రం నేను. ఆ కోపం ఇంకా ఉంది. ఈ ఇంటిపేరు మార్పు ఒక మనిషి కొంప ముంచబోయిందని చెప్తే ఆ పండితులు నమ్మరు.

పెరియంపట్టి, గురువారం

నేను దిగింది మా ల్యాబులో స్నేహితురాలు సెల్వి వాళ్ల పిన్ని మునెమ్మ ఇంట్లో. ఎన్ని తరాల కిందటో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం రాదు. నేను గాజు గొట్టాల మీద రాసుకున్న చీటీలు చూసి మునెమ్మ, "ఇదేనా మన రాత? మురుకులు పిండినట్టు ఉండాదే" అని మెచ్చుకుంది. మెచ్చుకోలే అనుకున్నాను.

రాత్రికి రాగి సంగటి, ఉలవల రసం. మా ఊళ్లో ఇదే ముద్దకు హోటలువాళ్లు మట్టిమూకుడు తగిలించి రెండు వందలు గుంజుతారు. మునెమ్మ మూడు ముద్దలు పెట్టి, నాలుగోది వద్దన్నందుకు, "పట్టణం కడుపు, పిట్ట కడుపు" అంది.

ఆమె భర్త బెంగళూరులో సెంట్రింగు పని. ఇక్కడ ఆమె, కొట్టం, కొట్టంలో ఎర్రమ్మ. ఎర్రమ్మ ఆవు. తొలిచూలు. ఇవాళో రేపో అన్నట్టుంది.

"మీ ఆవేనా పిన్నీ?" అన్నాను, ఏదో మాటకు.

"ఆవు మా బావది. కడుపులో ఉండే దూడ నాది" అంది మునెమ్మ.

ఇక్కడి పద్ధతి అది. ఒకరి పెయ్యను ఇంకొకరు సాకుతారు. మేత, నీళ్లు, పేడ, చాకిరీ అన్నీ సాకేవాళ్లవి. మొదటి ఈత దూడ వాళ్లకు, ఈనిన ఆవు తిరిగి యజమానికి. కానీ సాకేవాళ్లు సరిగా చూడలేదని ఊరు ఒప్పుకుంటే యజమాని ఎప్పుడైనా తోలుకుపోవచ్చు. కడుపులో దూడ కూడా దాంతోపాటే పోతుంది.

"పెయ్యగా ఉన్నప్పుడు మా బావ ఒక దినం కూడా వచ్చి చూడలే. ఇప్పుడు పొట్ట కనపడినాక వారం వారం వస్తా ఉండాడు. ఆవు చిక్కిపోయిందంట, ఉణ్ణి పట్టిందంట. ఆదివారం పంచాయితీ పెట్టిస్తాడంట" అంది. అని, కొట్టం వైపు చూసి, "నాది అనే పశువు ఈ కొట్టంలో ఇంకా పుట్టలేదు పాపా" అంది.

నేను జోకు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. రసం ఇంకొంచెం పోయించుకున్నాను.

అక్కడే, శుక్రవారం

పొద్దున్నే పట్టకారు పట్టుకుని కొట్టంలోకి వెళ్లాను. ఎర్రమ్మను చూస్తే బావగారి కళ్లకు డాక్టరు కావాలనిపించింది. నున్నగా ఉంది. చెవుల వెనక, గంగడోలు ముడతల్లో, తోక మొదట్లో వెతికితే నాలుగంటే నాలుగు పిడుదులు. మొదటిదాన్ని పట్టకారుతో పట్టేలోపు వెనకనుంచి కేక.

"నిలు, నిలు! ఏం చేస్తా ఉండావు?"

"పిడుదు తీస్తున్నా పిన్నీ."

"ఈ పొద్దు ఏం వారం?"

"శుక్రవారం."

"మరి?"

"మరి ఏంటి?"

"సుక్కురారం ఇంట్లోనించి ఏదీ బయటికి ఇయ్యకూడదు. ఉప్పు ఇయ్యము, మజ్జిగ ఇయ్యము, రూపాయి ఇయ్యము."

"ఇది పిడుదు పిన్నీ!"

"ఆవు మీద ఉండాది గదా? ఆవు మీద ఉండేదంతా ఆవుది. సూలు ఆవు. లక్ష్మి."

"పిడుదు కూడా లక్ష్మేనా?"

"అది నాకు తెలీదు. రేపు వచ్చి పీక్కో."

మా ఇంట్లోనూ శుక్రవారం డబ్బులు బయటికి ఇవ్వరు. చందాలవాళ్లను తిప్పి పంపడానికి మా నాన్న వారమంతా ఆ శుక్రవారాన్నే వాడుకుంటాడు. కానీ ఆవు నెత్తురు తాగేదానికి కూడా లక్ష్మి హోదా ఇచ్చిన ఇల్లు ఇదే చూశాను. రాష్ట్రం దాటి వచ్చి, చీటీ రాసి, సీసా మూత తీసి, క్యాలెండరు చేతిలో ఓడిపోయాను. నాలుగు పిడుదులూ ఆ రోజంతా ఎర్రమ్మ మీద పండగ చేసుకున్నాయి.

తుంబలహళ్లి, అదే సాయంత్రం

పోయిన పొద్దును పూడ్చుకుందామని సాయంత్రం తుంబలహళ్లి ఆనకట్ట వైపు బయలుదేరాను. మునెమ్మ తోడొచ్చింది, అక్కడ వాళ్ల అక్కకు మేకలున్నాయి. గడ్డిలో పిడుదుల్ని పట్టాలంటే ఒక తెల్లటి మందపు గుడ్డను నేలమీద ఈడుస్తూ నడవాలి. ఏదో జంతువు పోతోందనుకుని పిల్ల పిడుదులు గుడ్డను పట్టుకుంటాయి. పిల్లలకు ఆరు కాళ్లే. మిగతా రెండూ తర్వాత వస్తాయి. దారినపోయేవాళ్లలో ఒకాయన బండి ఆపి, గుడ్డ కింద పడిందమ్మా అని చెప్పాడు. ఇంకొకాయన ఏమీ చెప్పకుండా, ఫోనులో ఎవరికో చెప్పాడు.

మునెమ్మ అక్కను చూడగానే ముందే చేతులు జోడించాను. "అమ్మా, ఇవాళ శుక్రవారం అని తెలుసు. రేపే తీసుకుంటాను."

ఆమె చెల్లెలి వైపు చూసింది. "ఏమంటా ఉండాది ఈ పాప? మేకకు ఏం సుక్కురారం?"

"మేకకు శుక్రవారం లేదా?"

"ఆవుకు ఉండాది, బర్రెకు ఉండాది. మేకకు లేదు, కోడికి లేదు, కుక్కకు లేదు. కావలసినంత పీక్కో."

నాకు ఎంత ఒళ్లు మండిందంటే మేక అటూ ఇటూ తిరగబడినా వదలకుండా పీకాను. మేకల మీదివాటి ఇంటిపేరు వేరు, హిమాఫిసాలిస్. వాటికి కళ్లే ఉండవు. కళ్లు లేనివే తమ అతిథేయిని వెతుక్కుంటున్నాయి, అన్నీ ఉన్న నేను వారం తెలుసుకోలేక తిరుగుతున్నాను.

తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. బావగారు సాయంత్రం ఊళ్లోకి వచ్చి వెళ్లాడని, గుడి దగ్గర కనబడ్డాడని ఎవరో చెప్పారు. మునెమ్మ కొట్టంలోకి వెళ్లి ఎర్రమ్మను ఒకసారి చేత్తో తడిమి వచ్చింది.

నల్లంపల్లి, శనివారం

శనివారం పొద్దున నా నాలుగు పిడుదులూ నాకు దక్కాయి. లక్ష్మి హోదా అర్ధరాత్రితో ముగిసింది కాబట్టి మునెమ్మే ఎర్రమ్మ చెవి పట్టుకుంది.

"కుక్క ఉణ్ణి కూడా కావాలంటివి గదా. నల్లంపల్లిలో రోడ్డు మీద మా బావది టీ కొట్టు. వాళ్ల కుక్క మీద పండి రాలతా ఉంటాయి" అంది.

అలా బావగారు తిమ్మరాయప్పను చూశాను. బొట్టు, తెల్లచొక్కా, నవ్వు, అన్నీ ఉతికి ఆరేసినట్టున్నాయి. బెంచీ కింద టైగరు. దాని చెవులు చూస్తే ద్రాక్షగుత్తులు గుర్తొచ్చాయి. కుక్క పిడుదు బుడతడిగా ఉన్నప్పుడూ, పెరిగేటప్పుడూ, పెద్దయ్యాకా మూడుసార్లూ కుక్కనే వెతుక్కుంటుంది. మధ్యలో దిగి గోడ పగుళ్లలో కాపురం పెడుతుంది. పశువుల పిడుదు అలా కాదు, ఒకసారి ఎక్కితే పెద్దయ్యేదాకా అదే ఆవు మీద గడిపేస్తుంది. పీకుతూ ఇదంతా తిమ్మరాయప్పకు చెప్పాను. ఇంటిపేరు కథ కూడా చెప్పాను. వినేవాడు దొరికితే నాకు ఆగదు.

"అంటే ఆవుదీ కుక్కదీ ఒకే వంశం" అన్నాడు ఆయన.

"పుస్తకంలో ఒకే ఇల్లు. అలవాట్లు వేరు."

"బలే బలే. మా ఆవు ఎట్లుండాది పాపా? ఉణ్ణి ఉండాయా?"

"ఎక్కడ బాబాయ్, నాలుగే. అవీ పొద్దున నేనే పీకేశాను."

ఆయన గ్లాసు కడుగుతూ ఆగాడు. "నీ చేత్తోనే పీకేసినావా? ఇప్పుడు ఏమీ లేవా?"

"శుభ్రం."

ఆయన చాలాసేపు టైగరు వైపు ప్రేమగా చూశాడు. కుక్కంటే ఎంత ఇష్టమో అనుకున్నాను. చుట్టానివి, నీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా అని టీకి పదిహేను రూపాయలు తీసుకున్నాడు. పక్క కొట్టులో పన్నెండు.

పాల సొసైటీ వసారా, ఆదివారం

పంచాయితీ పాల సొసైటీ వసారాలో. పెద్దమనిషి నంజప్ప, వయసు మళ్లినాయన, కుర్చీలో. మిగతావాళ్లు అరుగు మీద. ఎర్రమ్మను స్తంభానికి కట్టారు. అది పెద్దమనిషి తువ్వాలు నమిలే ప్రయత్నంలో ఉంది. మునెమ్మ భర్త రాలేదు, ఆదివారం కూడా కాంక్రీటు పోస్తున్నారట.

తిమ్మరాయప్ప జేబులోంచి అగ్గిపెట్టె తీసి నంజప్ప ముందు తెరిచాడు. నిండా పిడుదులు. అరుగు మీదివాళ్లు అయ్యయ్యో అన్నారు.

"చూడు నాయినా. ఇది నా ఆవు బతుకు. ఒక పక్క చెవి మీదివే ఇవి. ఇప్పుడు ఆవు మీద వెతికితే ఒకటి కూడా కనపడదు. ఎందుకు? నిన్న పొద్దున ఈ ఆంధ్రా పాపను పెట్టి పీకించేసినారు. ఆ పాప నోటితోనే చెప్పింది నాకు."

అందరూ నా వైపు తిరిగారు. అప్పటిదాకా నేను మంచి పని చేశాననుకున్నాను. మునెమ్మ నన్ను చూడలేదు. ఆవు మెడతాడు సర్దుతోంది.

"అయ్యా, ఒక్క నిమిషం" అని భూతద్దం తీశాను. ఒక్క చూపు చాలింది. నంజప్ప చేతికి అద్దం ఇచ్చి ఒక మగ పిడుదును వేలిగోటి మీద పెట్టి చూపించాను. "వెనక అంచు చూడండి. కజ్జికాయ అంచుకు మడతలు పెడతామే, అలా గళ్లు గళ్లుగా ఉందా? అది కుక్క పిడుదు. ఇదిగో, నిన్న ఎర్రమ్మ మీద తీసినవి నా గొట్టంలో ఉన్నాయి. అంచు నున్నగా ఉందా? ఇది పశువుల పిడుదు. ఆ అగ్గిపెట్టెలో ఉన్నది మొత్తం ఏదో కుక్క ఆస్తి."

నంజప్ప ఒక కన్ను మూసి, రెండో కన్ను మూసి, అద్దం తిప్పి చూశాడు. "మడత ఉన్నట్టే ఉండాది" అన్నాడు.

నా గుండె ఉప్పొంగింది. జీవితంలో మొదటిసారి నా చదువు ఎవరికైనా పనికొచ్చిందనుకున్నాను.

"నాయినా, నిన్న నా కొట్టులో ఈ పాపే చెప్పింది, రెండూ ఒకే వంశమని. పెద్ద చదువులవాళ్లు కలిపేసినారంట. అడుగు" అన్నాడు తిమ్మరాయప్ప.

"ఏం పాపా, నిజమేనా?"

"నిజమే, కానీ అది పుస్తకాల్లో..."

"నిజమంట" అని అరుగు పలికింది.

"సరే, కుక్క ఉణ్ణి ఆవుకు పట్టనే పట్టదా? అది చెప్పు" అన్నాడు నంజప్ప.

ఇక్కడ మా సారు ఉంటే బాగుండేది. ఆయనకు సదస్సుల్లో ఇలాంటివి అలవాటు. నాకు అబద్ధం చెప్పాలని ఎంత ఉందో చెప్పలేను. కానీ నోరు ల్యాబులో పెరిగిన నోరు. "అరుదుగా పట్టొచ్చు" అన్నాను.

"పడతాదంట" అంది అరుగు.

"అరుదుగా అన్నానండీ! అగ్గిపెట్టె నిండా కాదు! అరుదుగా అంటే..."

వినేవాళ్లు లేరు. శాస్త్రంలో మేం ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడే ఒక్క మాట పట్టుకుని ఒక మనిషి కష్టాన్ని, ఆ మనిషికి రావలసిన దూడను లాక్కోబోతున్నారు. ఆ క్షణాన ఇంటిపేర్లు మార్చిన పండితుల్ని, సారునీ, సదస్సునీ, నా నోటినీ ఒకే గాటన కట్టి తిట్టుకున్నాను.

అప్పుడు మునెమ్మ మాట్లాడింది. తాడు సర్దుతూనే, అన్నం తిన్నావా అని అడిగినట్టు.

"బావా, ఇవి ఎప్పుడు పీకినావు?"

"మొన్న."

"మొన్న అంటే?"

"మొన్న సాయంత్రం. మీరిద్దరూ తుంబలహళ్లికి పోయినారు గదా, అప్పుడు వచ్చినాను. ఊళ్లో అందరూ చూసినారు నన్ను" అన్నాడు తిమ్మరాయప్ప, సాక్ష్యం బలంగా ఉందని సంతోషంతో.

"నేను లేనప్పుడు నా కొట్టంలోకి పోయి, ఈ ఆవు మీదనించే తీసినావా?"

"ఎన్నిసార్లు చెప్పేది? ఆవు మీదనించే!"

"తీసి, నల్లంపల్లికి ఎత్తకపోయినావా?"

"అవును."

"సుక్కురారం" అంది మునెమ్మ.

నంజప్ప భూతద్దాన్ని నా చేతిలో పెట్టేశాడు, దాని పని అయిపోయినట్టు.

"ఏందిరా తిమ్మా, సుక్కురారం సాయంత్రం, సూలు ఆవు కొట్టంలో చేయి పెట్టి, ఊరు దాటించినావా?"

అరుగు మీది ఒక ముసలమ్మ రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. "లక్ష్మిని ఎత్తకపోయినాడే! ఈనేది ఎట్లా ఆ ఆవు? ఏమన్నా అయితే?"

తిమ్మరాయప్ప ముఖంలో ఉతికిన తెల్లదనం పోయింది. అగ్గిపెట్టె వైపు చూశాడు, ఆవు వైపు చూశాడు. అరుగు మీదివాళ్లందరూ కాస్త కాస్త దూరం జరుగుతుండటం చూశాడు.

"ఆవు మీదివి కావు నాయినా" అన్నాడు.

"మరి?"

"టైగరువి. నా కుక్క మీద పీకినాను. శనివారం. ఆవును తాకను కూడా లేదు. గుడికి పోయి అట్లే వెళ్లిపోయినాను, సత్యంగా!" మళ్లీ గట్టిగా అన్నాడు, "శనివారమే, అయినా కుక్కకు సుక్కురారం లేదు గదా!"

"కుక్కకు లేదు" అని నంజప్ప ఒప్పుకున్నాడు. అరుగు మీదివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అబద్ధం చెప్పి ఆడమనిషి దూడను కాజేయబోయినవాడి మీద ఎవరికీ అంత కోపం లేదు. లక్ష్మి ఊరు దాటలేదు, అంతే చాలు. ఎర్రమ్మ ఈనేదాకా మునెమ్మ కొట్టంలోనే ఉండాలని, దూడ ఆమెదేనని, ఈలోపు తిమ్మరాయప్ప కొట్టం ఛాయలకు రాకూడదని తీర్పు అయింది.

నేను మాత్రం మండిపోతున్నాను. "అయ్యా, నేను మొదటినుంచీ చెప్పింది అదే కదా! కుక్క పిడుదులని! కజ్జికాయ అంచు!"

"నువ్వు అరుదుగా అన్నావు పాపా" అన్నాడు నంజప్ప, చాలా దయగా.

ఇంటికి నడుస్తుంటే అడిగాను. "పిన్నీ, ఆయన పీకలేదని నీకు ముందే తెలుసా?"

"ఆ పొద్దు చీకట్లో తడిమినాను గదా. నాలుగూ అట్లే ఉండాయి."

"మరి ఆ మాట సభలో చెప్పొచ్చుగా?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతారు? ఆయన నోటితో ఆయనే చెప్తే మేలు గదా." నాలుగడుగులు వేశాక నవ్వింది. "నువ్వూ బాగానే మాట్లాడినావు లే. ఆ అద్దం చూస్తే పెద్దాయనకు కంటి డాక్టరు గుర్తొచ్చినాడంట, పోవాలంటా ఉన్నాడు."

తిరిగి వచ్చాక

ఎర్రమ్మ ఈనిందని, పెయ్యదూడ అని పదిరోజుల తర్వాత సెల్వి చెప్పింది. మునెమ్మ దానికి ఇంకా పేరు పెట్టలేదట, ఊరికే "నాది" అని పిలుస్తోందట. దూడ చెవి వెనక అప్పుడే ఒక పిడుదు కనబడిందట. ఏ జాతి అని ఎవరూ అడగలేదు.

నా నాలుగు పిడుదుల్నీ సారు సూక్ష్మదర్శిని కింద పెట్టి, మామూలు పశువుల పిడుదులే, మన దగ్గర సీసాల నిండా ఉన్నాయి అన్నాడు. నేను ఒక్క మాట కూడా బయటికి ఇవ్వలేదు. ఆ రోజు శుక్రవారం.

ఆ వైపు ఎవరైనా గడ్డిలో నడవాల్సి వస్తే ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపుకోవాలి. సాక్సులు తెల్లవైతే పిడుదులు తొందరగా కనబడతాయి.